ఆదరణ మాటకు ముందున్న దారి: ‘డ్రైవ్ మై కార్’ చలనచిత్రముపై ఒక కాపరి పరిశీలన

మన సంఘములలో ఒక విశ్వాసి మరణించినప్పుడు, భూస్థాపన జరిగిన కొద్ది దినములకే ఆదరణ కూడిక ఏర్పాటు చేయుట వాడుక. ఇంటి ముందు షామియానా వేస్తారు. నలుగురైదుగురు సేవకులు ఒకరి తరువాత ఒకరు వాక్యము చెబుతారు. పాటలు, ప్రార్థన, ఆ తరువాత భోజనములు. ఇరువది ఎనిమిది సంవత్సరములుగా మేమును ఆ మైకుల ముందు నిలిచి మాట్లాడినవారమే. మేము చెప్పిన వాక్యము అబద్ధము కాదు. అయితే ఆ రెండు మూడు గంటలలో మొదటి వరుసలో కూర్చున్న విధవరాలు గాని, బిడ్డను పోగొట్టుకొనిన తండ్రి గాని మాట్లాడుటకు అవకాశము ఎక్కడున్నది అను ప్రశ్న మాకు చాలా ఆలస్యముగా కలిగినది. ఆ ప్రశ్నను పదునుపెట్టినది ఏ వేదాంత గ్రంథమో కాదు, ఒక జపాను చలనచిత్రము. దానిని పాఠకులకు పరిచయము చేసి, మన ఆదరణ పరిచర్యకు అది చెప్పుచున్నదేమిటో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

చిత్రము పేరు ‘డ్రైవ్ మై కార్’. దర్శకుడు ర్యూసుకె హమగుచి. 2021లో విడుదలైనది, నిడివి మూడు గంటలకు ఒక్క నిమిషము తక్కువ. జపాను రచయిత హరుకి మురాకమి వ్రాసిన అదే పేరుగల కథ దీనికి ఆధారము. 2022లో ఉత్తమ అంతర్జాతీయ చిత్రముగా ఆస్కార్ పొందినది. అయితే వేదాంత విద్యార్థులు గుర్తుంచుకొనదగినది మరియొక బహుమానము. ఫ్రాన్సు దేశములోని కాన్ చిత్రోత్సవములో 1974 నుండి ఒక క్రైస్తవ ఐక్య న్యాయనిర్ణేతల సంఘము పనిచేయుచున్నది. కతోలిక సంస్థయైన సిగ్నిస్, ప్రొటెస్టెంట్ సంస్థయైన ఇంటర్‌ఫిల్మ్ కలిసి దానిని నియమిస్తాయి. 2021లో ఆ సంఘము తన బహుమానమును ఈ చిత్రమునకే ఇచ్చినది. క్రైస్తవులు నూటికి ఒకరు మాత్రమేయున్న దేశమునుండి వచ్చిన, సంఘము గాని కాపరి గాని కనబడని చిత్రమును వారు ఎన్నుకొనుట ఆలోచింపదగిన విషయము. ఒక హెచ్చరిక కూడా చేయవలెను. మొదటి భాగములోని కొన్ని దృశ్యములు కుటుంబముతో కూర్చుండి చూడదగినవి కావు. యువజన కూడికలో దీనిని వేయుడని మేము చెప్పుటలేదు.

కథ ఇది. యూసుకె కఫుకు రంగస్థల నటుడు, దర్శకుడు. అతని భార్య ఓతో టెలివిజన్ నాటకములు వ్రాయును. వారి ఏకైక కుమార్తె నాలుగేండ్ల ప్రాయములో న్యుమోనియాతో చనిపోయినది. ఒకదినము విమానము రద్దగుటవలన అనుకొనకుండ ఇంటికి తిరిగివచ్చిన కఫుకు తన భార్యను వేరొక పురుషునితో చూచును. తలుపు మెల్లగా మూసి బయటికి వెళ్లిపోవును. ఆ సంగతి ఆమెను ఎన్నడును అడుగడు. మరియొక ఉదయమున ఆమె, ఈ రాత్రి వచ్చిన తరువాత కొంచెము మాట్లాడవచ్చునా అని అడుగును. ఏమి వినవలసివచ్చునో అను భయముతో అతడు కారులో ఊరకనే తిరిగి తిరిగి, రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఇల్లు చేరును. అప్పటికి ఆమె నేలమీద పడియున్నది. మెదడులో రక్తస్రావము. ఇదంతయు జరిగిన తరువాత, అనగా సుమారు నలువది నిమిషములు గడచిన పిమ్మట, తెరమీద నటీనటుల పేర్లు పడును. చూచువాడు అప్పటివరకు కథ చూచితిననుకొనును. నిజమునకు అది ముందుమాట మాత్రమే.

రెండేండ్ల తరువాత కఫుకు హిరోషిమా నగరమునకు వెళ్లును. అక్కడి నాటకోత్సవమునకు రష్యా రచయిత చెహోవ్ వ్రాసిన ‘వాన్యా మామయ్య’ నాటకమును సిద్ధపరచుట అతని పని. ఇంతకుముందు ఒక కళాకారుడు వాహన ప్రమాదము చేసినందున, అతిథులు స్వయముగా కారు నడుపకూడదని అక్కడి నియమము. అతని పాత ఎఱ్ఱని సాబ్ కారును నడుపుటకు మిసాకి వతారి అను ఇరువది మూడేండ్ల యువతిని నియమిస్తారు. ఆమె మాటకారి కాదు. అతడును కాడు. బస ఊరికి దూరముగా ఉన్న ద్వీపములో గనుక ప్రతిదినము వారిద్దరు చాలాసేపు ఒకే కారులో ప్రయాణించవలెను. అతడు వెనుక సీటులో కూర్చుండి ఒక కాసెట్ వినుచుండును. నాటకములోని మాటలన్నిటిని అతని భార్య చదివి రికార్డు చేసిన కాసెట్ అది. వాన్యా పాత్ర మాట్లాడవలసిన చోట ఆమె ఖాళీ వదలును. ఆ ఖాళీలలో అతడు తన మాటలు పలుకును. చనిపోయిన భార్యతో అతనికి మిగిలిన సంభాషణ ఇదొక్కటే, అదియును వేరొకడు వ్రాసిన మాటలతో.

దుఃఖములోనున్న మనిషిని ఇంత నిజముగా చూపిన దృశ్యము మరియొకటి మాకు తెలియదు. మన విశ్వాసులలో, గతించిన భర్త ఫోన్ నంబరును సంవత్సరముల తరబడి తీసివేయని స్త్రీలను, కుమారుని వాట్సాప్ మాటలను రాత్రివేళ పెట్టుకొని వినే తండ్రులను మేము ఎరుగుదుము. అవిశ్వాసమువలన వారు అట్లు చేయుటలేదు. చెప్పవలసిన మాట ఏదో వారికి మిగిలిపోయినది.

మిసాకి ఆ కాసెట్‌ను గూర్చి మొదట ఒక్క ప్రశ్న కూడా అడుగదు. కారు నడుపును, అంతే. ఆమె నడుపుచుండగా బండిలో ఉన్నట్లే తోచదని కఫుకు తరువాత ఒకరి ఇంట భోజనపు బల్లయొద్ద మెచ్చుకొనును. ఆ మెప్పు విని ఏమి చేయవలెనో తెలియక ఆమె కుర్చీ దిగి నేలమీద కూర్చుండి ఆ ఇంటి కుక్కను నిమురును. ఆ నేర్పు ఆమెకు ఎట్లు వచ్చినదో మెల్లగా తెలియును. బడికి వెళ్లు వయస్సులోనే ఆమె తల్లి ఆమెచేత కారు నడిపించుకొని పనికి వెళ్లెడిది. దారిలో కుదుపు వచ్చి తల్లికి మెలకువ వచ్చినయెడల దెబ్బలు పడెడివి. ఐదేండ్ల క్రితము హొక్కైదో ద్వీపములోని వారి ఇంటిమీద కొండచరియ విరిగిపడినది. మిసాకి శిథిలములనుండి ప్రాకి బయటికి వచ్చెను. తల్లి లోపలనున్నదని తెలిసియు సహాయము పిలువలేదు. ఇంటివైపు చూచుచు నిలిచిపోయెను. అంతలో మిగిలిన ఇల్లును కూలెను. ఆ తరువాత తన కారు పాడైపోవువరకు నడుపుకొనుచు వచ్చి, అది ఆగిపోయిన హిరోషిమాలోనే చెత్తబండి నడుపు పనిలో చేరినది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడిన నగరమది. బాంబును గూర్చి చిత్రము ప్రసంగము చేయదు. ఒకచోట మిసాకి అతనిని నగరపు చెత్తను కాల్చు కర్మాగారమునకు తీసికొనిపోవును; ఆ కట్టడము మధ్యగా సముద్రమువైపు వెళ్లు మార్గము శాంతి స్మారక వనమునుండి వచ్చు గీతకు అడ్డురాకుండునట్లు విడిచిరని చెప్పును. అంతకంటె ఎక్కువ చెప్పదు. మొదట ఈ కథను దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తీయదలచి, కొవిడ్ వలన హిరోషిమాకు మార్చిరనుట తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన చోటికి వత్తుము. నాటకములో వాన్యా పాత్ర ధరించవలసిన యువనటుడు ఒక మనిషిని కొట్టగా ఆ మనిషి చనిపోవును; పోలీసులు నటుని తీసికొనిపోవుదురు. నాటకము ఆపివేయుటయా, లేక కఫుకు స్వయముగా వాన్యాగా నటించుటయా అని నిర్ణయించుటకు రెండు దినములే గడువు. నీవు పుట్టిన చోటు చూపించుమని అతడు మిసాకిని అడుగును. వారు హొక్కైదోకు బయలుదేరుదురు. దారిలో అతడు, నేను ఆ రాత్రి త్వరగా ఇంటికి వచ్చియుంటే నా భార్య బ్రదికియుండెడిదేమో అనును. ఆమె తన తల్లి సంగతి చెప్పును. అప్పుడు అతడు చెప్పిన మాట ఏ కాపరియైనను ఆగి వినవలసినది. నేను నీ తండ్రినైయుంటే నీ భుజము పట్టుకొని నీ తప్పేమియు లేదని చెప్పియుందును, కాని అట్లు చెప్పలేను. నీవు నీ తల్లిని చంపితివి, నేను నా భార్యను చంపితిని అను భావముతో అతడు మాట్లాడును.

మేము ఈ దృశ్యమును మొదట చూచినప్పుడు కోపము వచ్చినది. పదునెనిమిదేండ్ల పిల్ల, దెబ్బలు తిని పెరిగినది, భయముతో కొయ్యబారి నిలిచినది. ఆమెను హంతకురాలు అనుట న్యాయమా? నీతిశాస్త్రము తరగతిలో ఈ ప్రశ్న వచ్చియుంటే కఫుకు చెప్పినది తప్పని వెంటనే కొట్టివేసియుందుము. రెండవసారి చూచినప్పుడు ఒక సంగతి కనబడినది. అతడు తీర్పరి స్థానములో నిలిచి మాట్లాడుటలేదు. ఆమె ప్రక్కన కూర్చుండి, తన పేరును అదే వాక్యములో చేర్చి చెప్పుచున్నాడు. ఆమె ఐదేండ్లుగా మోయుచున్న భారమును తేలికయని త్రోసివేయుటలేదు. నీ తప్పు లేదు అను మాటను మనము చాలసార్లు వారికొరకు గాక మనకొరకే చెప్పుదుము. ఆ మాటతో సంభాషణ ముగియును, మనకు తెరిపి కలుగును.

ఇది పుస్తకములో చదివి చెప్పుటలేదు. మా మొదటి పాస్టరేటులో పందొమ్మిదేండ్ల యువకుడు మోటారుసైకిలు ప్రమాదములో చనిపోయెను. ఆదరణ కూడికలో మేము ప్రకటన గ్రంథము ఇరువది యొకటవ అధ్యాయమునుండి వాక్యము చెప్పాము. బాగుగా చెప్పామనే అనుకొన్నాము. ఆ తండ్రి తరువాత గుడికి రావడము మానివేశాడు. మూడేండ్లు గడిచిన తరువాత ఒంగోలునుండి విజయవాడకు వెళ్లు బస్సులో అనుకొనకుండ మాకు ఆయన ప్రక్కన సీటు దొరికినది. మేమిద్దరము చాలాదూరము మాట్లాడలేదు. చిలకలూరిపేటలో బస్సు ఆగినప్పుడు టీ తాగుచుండగా ఆయన, “బండి తాళం నేనే ఇచ్చానయ్యగారూ. వాళ్ళమ్మ వద్దంది” అన్నాడు. మీ తప్పు కాదండీ అను మాట మా నోటివరకు వచ్చినది. ఇంతలో కండక్టరు పిలిచాడు. అందరమును పరుగెత్తుకొని బస్సు ఎక్కాము. ఆ మాట అట్లు తప్పిపోవుట దేవుని కృపయేనని ఇప్పుడు తలంచుచున్నాము. అక్కడనుండి విజయవాడ వరకు ఆయనే మాట్లాడాడు. పిల్లవాడు ఏ క్లాసులో తప్పాడో, ఏ కూర తినేవాడు కాదో, బండి కొరకు ఎన్ని దినములు అలిగాడో. దిగేటప్పుడు, “ఆ రోజు మీరు వాక్యం బాగా చెప్పారంటారు అందరూ. నాకు ఒక్క ముక్క వినపడలేదయ్యగారూ” అన్నాడు. ఆయన మాటలో నిందలేదు; జరిగినది చెప్పాడు.

పరిశుద్ధ గ్రంథము ఈ క్రమమును ఎరిగియున్నది. యోబు స్నేహితులను మనము సాధారణముగా చెడ్డ ఆదరణకర్తలకు ఉదాహరణగా చూపుదుము. వారు యోబు ప్రక్కన నేలమీద ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటయు పలుకకుండ కూర్చుండిరి (యోబు 2:13). ఆ ఏడు దినములు వారు చేసినదానిలో దోషమేమియు లేదు. నోరు తెరచి కారణములు వివరింపసాగిన తరువాతనే చిక్కు వచ్చెను. చివర దేవుడు కోపపడినది వారి మాటల విషయములో (42:7). రూతు గ్రంథములో మోయాబునుండి బేత్లెహేమునకు నడచిన నయోమియు రూతును ఇద్దరును విధవరాండ్రే, ఒకరికొకరు అన్యజాతివారు. రూతు తన నిర్ణయము చెప్పిన తరువాత నయోమి ఆమెతో ఆ సంగతి మాట్లాడుట మానెను. ఇద్దరు నడచిరి (1:18–19). ఊరు చేరి నయోమి తన పేరు మారా అని, సర్వశక్తుడు తనకు చేదు కలుగజేసెనని మొఱపెట్టగా, ప్రక్కనేయున్న రూతు ఆమెను సరిదిద్దినట్లు గ్రంథములో లేదు. నేను నీతో ఉన్నాను గదా అని కూడ అనలేదు. మరునాటి పనికి, పరిగె ఏరుకొనుటకు బయలుదేరినది.

ఎమ్మాయు మార్గమును గూర్చి (లూకా 24:13–35) ఎన్నో ప్రసంగములు విన్నాము, చేశాము. మన తెలుగు అనువాదకులు ఆ దూరమును ఆమడ అన్నారు. కాలినడకన రెండు మూడు గంటల దారి. త్రోవలో కలిసికొనిన ప్రభువు మొదట చేసినది ప్రశ్న అడుగుట. వారు దుఃఖముఖులై నిలిచిపోయిరి. ఆయన మరల అడిగెను. జరిగినది ఆయనకు తెలియదా? అందరికంటె ఎక్కువ తెలియును. అయినను క్లెయొపా తన ఆశాభంగమంతయు చెప్పుకొనువరకు ఆయన వినెను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ప్రభువు వినుటతో ఆపలేదు. వారిని గద్దించెను, లేఖనములు వివరించెను. కాబట్టి మౌనమే పరిచర్య, వాక్యము అక్కరలేదు అని వాదించువారికి ఈ భాగము సహాయము చేయదు. మేమును ఆ వాదము చేయుటలేదు. వివరణ వారు చెప్పుకొనిన తరువాత వచ్చెను, వారితో నడచుచున్నవాని నోటనుండి వచ్చెను. మన షామియానాలలో ఈ రెండును కరవైనవి.

హమగుచి చిత్రములోను చివరకు ఆదరణ మాట వచ్చును. అదియును దేవుని పేరుగల మాట. చెహోవ్ నాటకము 1897లో అచ్చైనది. అందులో వాన్యా నాలుగు అంకములు విసుగును, వృథాయైన జీవితమును గూర్చి మొఱపెట్టి, తుపాకి కాల్చి గురితప్పి, చివరకు బల్లయొద్ద కూలబడును. అతని అక్కచెల్లెండ్రలో చనిపోయిన ఒకామె కుమార్తె సోన్యా. తెలుగులో చెప్పవలెనంటే అతడు ఆమెకు మేనమామ. ఒకే మనిషిని ఇద్దరును పోగొట్టుకొనిరి, ఆమె తల్లిని, అతడు తోబుట్టువును. పైగా అప్పుడే ఆమె ప్రేమించినవాడు ఆమెను విడిచి వెళ్లిపోయెను. అట్టి స్త్రీ లేచి, మనము బ్రదుకవలెను, ఓర్చుకొనవలెను, చివర దేవుడు మనలను కనికరించును, అప్పుడు మనకు విశ్రాంతి అని చెప్పును. ఈ మాటలను వేదికమీద బోధకుని స్వరముతో పలికినయెడల చప్పగా ఉండును. చిత్రములో సోన్యాగా నటించు కొరియా యువతి లీ యూ-నా మాట్లాడలేనిది. కొరియా సంజ్ఞాభాషలో నటించును. గర్భములోని బిడ్డను పోగొట్టుకొని నాట్యమును విడిచిపెట్టిన స్త్రీ ఆమె. కఫుకు చివరకు తానే వాన్యాగా కూర్చుండగా, ఆమె అతని వెనుక నిలిచి, రెండు చేతులు అతని ముందుకు చాపి, అతని కన్నులయెదుట ఆ నిరీక్షణ వాక్యమంతయు చేతులతో చెప్పును. శబ్దము లేదు. ప్రేక్షకులలో మిసాకి చూచుచుండును. మా సంఘములలో వాక్యమునకు శబ్దమే ప్రాణమని నమ్మి సౌండ్ బాక్సులు పెంచుకొనుచున్న మాకు ఆ కొన్ని నిమిషములు పాఠమైనవి.

ఆ దృశ్యము అంత బలముగా ఉండుటకు హొక్కైదో ప్రయాణము కారణము. మంచులో కూలిన ఇంటి యొద్ద మిసాకి పూలు విసరిన తరువాత, కఫుకు మొదటిసారి తన లోపలిది చెప్పును: గాయపడవలసినప్పుడు సరిగా గాయపడలేదు, కోపపడలేదు, అందుచేత ఆమెను శాశ్వతముగా పోగొట్టుకొంటిని, ఒక్కసారి చూడవలెనని ఉన్నది. ఆమె అతనిని కౌగిలించుకొనును. తండ్రి కాని తండ్రి, కూతురు కాని కూతురు. అతని బిడ్డ బ్రదికియుంటే ఆమె వయస్సే ఉండెడిది. దీనిని చూచిన తరువాత గాని సోన్యా చేతులలోని నిరీక్షణ నమ్మదగినదిగా కనబడదు.

చిత్రమును బాప్తిస్మము పొందినదానిగా చేయుట మా ఉద్దేశ్యము కాదు. ఇందులో ఒప్పుకోలు ఉన్నది, క్షమాపణ ప్రకటన లేదు. ఇద్దరు అపరాధులు ఒకరినొకరు పట్టుకొందురు. వారిని విడిపించు మూడవవాడు ఆ కారులోనికి రాడు. సోన్యా దేవుని పేరు చెప్పును గాని అది నాటకములోని మాట. దర్శకుడు దానిని తనదని చెప్పడు, కాదని చెప్పడు. ఎమ్మాయు బల్లయొద్ద రొట్టె విరువబడినది. ఇక్కడ కారు పైకప్పు కిటికీలోనుండి ఇద్దరు సిగరెట్లు పట్టుకొనిన చేతులు రాత్రిలోనికి ఎత్తుదురు. దానిని ప్రభురాత్రి భోజనమునకు సాదృశ్యముగా చూపుటకు మేము సిద్ధముగా లేము. సిగరెట్టు సిగరెట్టే. అయితే తన కారులో పొగత్రాగుటను ఇష్టపడని మనిషి ఆ రాత్రి ఆమెకు సెలవిచ్చెను, తాను వెనుక సీటు విడిచి ముందుకు వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండెను. కాపరులు ఆ సీటు మారుటను గమనింపవలెనని కోరుచున్నాము.

ఈ చిత్రము చూచిన తరువాత మా పాస్టరేటులో ఆదరణ కూడికను కొంత మార్చి చూశాము. మొదటి అరగంట ఎవరును వాక్యము చెప్పరు; మైకు పెట్టరు; కుటుంబమువారు చెప్పదలచినయెడల చెబుతారు, లేనియెడల అందరమును కూర్చుందుము. మొదటిసారి ఇరువది నిమిషములు ఎవరును నోరు తెరువలేదు. మాకే చెమట పట్టినది. తరువాత చనిపోయిన పెద్దాయన భార్య, ఆయన ఆఖరి దినములలో తనమీద ఎంత విసుగుకొనేవాడో, తానును తిరిగి ఎంతమాట అన్నదో చెప్పి ఏడ్చినది. దగ్గరి బంధువు ఒకామె ఊరుకోబెట్టబోయినది, కూతురు ఆపినది. రెండవ కుటుంబములో మాత్రము అరగంటయు మౌనముగానే గడచినది, వారికి అది బాధగానే తోచినదని తరువాత తెలిసినది. పెద్దలలో ఒకరు మాతో, “వాక్యం లేకుండా ఆదరణ ఏమిటి అయ్యగారూ? దూరంనుంచి వచ్చినవాళ్ళకి మనమేం చెప్పినట్టు?” అని అడిగారు. వాక్యము ఉన్నది, కొంచెము తరువాత ఉన్నది అని చెప్పాము. ఆయన తృప్తిపడలేదు. ఆయన భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఆదివారము సాయంకాలము ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాము.